గాయం మానినా భయం మానకపోతే
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నాయుడుపేట జాతీయ రహదారి మీది ఊరు. ఇటు చెన్నై, అటు నెల్లూరు, మరోవైపు శ్రీకాళహస్తి, తిరుపతి. ఈ రోడ్డు మనకు వ్యాపారమూ ఇచ్చింది, ప్రమాదాలూ ఇచ్చింది. ఎవరికైనా దెబ్బ తగిలితే మనవాళ్లు రక్తమిస్తారు, ఆపరేషన్‌కు చందా వేస్తారు. అల్లాహ్ మీకు మేలు చేయుగాక.

అయితే కొందరికి కట్టు విప్పాకే అసలు కష్టం మొదలవుతుంది. లారీ హారన్ వింటే ఒళ్లు వణుకుతుంది. కళ్లు మూస్తే అదే దృశ్యం. బండెక్కలేరు, పనికి పోలేరు, ఇంట్లోవాళ్ల మీద ఊరికే కసురుకుంటారు. ఇది నెల దాటినా తగ్గక బతుకుకు అడ్డమైతే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. వరదలో ఇల్లు పోయినవారికీ, హింసకు గురైన ఆడవారికీ ఇది రావచ్చు. ఇది పిరికితనం కాదు, ఈమాన్ లోపం కాదు, గాలి సోకడమూ కాదు.

మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం అపాయాన్ని పసిగట్టి గంట కొడుతుంది. 'అది అప్పుడు, అక్కడ జరిగింది. ఇప్పుడు కాదు' అని తేడా చెప్పేది హిప్పోకాంపస్. నుదుటి వెనకున్న భాగం గంటను ఆపుతుంది. ఈ మూడింటి పొందిక చెడితే గంట మోగుతూనే ఉంటుంది.

మరి ఎవరు కోలుకుంటారో మెదడును చూసి ముందే చెప్పగలమా? అమెరికాలోని అట్లాంటాలో 2018లో వెలువడిన పరిశోధనలో, ప్రమాదం తర్వాత హిప్పోకాంపస్ చురుగ్గా పనిచేసినవారికి తర్వాతి నెలల్లో బాధ తక్కువగా కనిపించింది. 2021లో అరోరా అనే పెద్ద అధ్యయనం సుమారు 150 మందిని, ఎక్కువగా వాహన ప్రమాద బాధితులను, రెండు వారాలకే స్కాన్ చేసింది. మెదడు స్పందనలను బట్టి వారిని గుంపులుగా విడదీస్తే, ఒక గుంపు ఆరు నెలల తర్వాత ఎక్కువగా బాధపడింది. కానీ 2023లో ఇజ్రాయెల్‌లో మరో బృందం అదే పద్ధతిని పరీక్షిస్తే ఆ ఫలితం నిలవలేదు.

అంటే దారి తెరుచుకుంది, గమ్యం ఇంకా రాలేదు. గుంపు గురించి తెలిసినది ఒక మనిషికి జోస్యం కాదు. అందుకే దాతలకు మా మనవి: మీ సొమ్ము ఈ జబ్బును కనిపెట్టడానికంటూ ఖరీదైన స్కాన్ల మీద పెట్టనక్కర్లేదు. వైద్యులు దీన్ని గుర్తించేది మాట్లాడి, లక్షణాలు చూసి.

చేయదగినవి మూడున్నాయి. ఒకటి, సాయం పొందిన ప్రతి కుటుంబాన్నీ నెలకొకసారి, మూడో నెలలో మరోసారి పలకరించడం. జరిగింది చెప్పమని మొదటి రోజుల్లో బలవంతపెట్టకూడదు. రెండు, నిద్ర, పని దెబ్బతిన్నవారిని తిరుపతి రుయా వంటి ప్రభుత్వాసుపత్రి మానసిక వైద్యుల దగ్గరికి తోడుగా తీసుకెళ్లడం; టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయించడం. మూడు, భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడం నేర్పే మాటల చికిత్సకు వారాల తరబడి తిరగాలి గనుక, బస్సు ఛార్జీ, పోయిన రోజు కూలి భరించడం.

చాలామంది తమంతట తామే కోలుకుంటారు. కోలుకోలేనివారికి మందులున్నాయి, చికిత్స ఉంది. ప్రతి రోగానికీ అల్లాహ్ మందు ఉంచాడని మన ప్రవక్త (స) బోధించారు. ఆ మందు దాకా నడవలేని బిడ్డకు చేయందించడమే మన సదఖా. ఆ భాగ్యం మనందరికీ దక్కాలని దుఆ చేద్దాం. ఆమీన్.