నమ్మకం, భరోసా, విశ్వాసం: బొగ్గుబాయి చూపిన తేడా
(సింగరేణి బొగ్గు బెల్టులోని జైపూర్‌లో చేసిన స్మారకోపన్యాసం)

బొగ్గు గనుల్లో ప్రాణాలు విడిచినవారి స్మృతిలో మాట్లాడమని పిలిచారు. ఇలాంటి సభలో నమ్మకం గురించి మాట్లాడటం సాహసమే. ఆ మాటను నమ్మి నష్టపోయిన కుటుంబాలు ఈ వరసల్లోనే కూర్చుని ఉన్నాయి.

రేపు వాన పడుతుందని నమ్ముతాం. డాక్టర్ని నమ్ముతాం. దేవుణ్ణి నమ్ముతాం. క్రియ ఒక్కటే, చేసే పనులు మూడు. వాన సంగతి రేపటికి తేలిపోతుంది. డాక్టర్ విషయంలో మన ఒళ్లు ఇంకొకరి చేతిలో పెడుతున్నాం. దేవుడి దగ్గర తేల్చుకోవడం అన్న ప్రశ్నే లేదు. ఈ పూటకు మొదటిదాన్ని నమ్మకమనీ, రెండోదాన్ని భరోసా అనీ, మూడోదాన్ని విశ్వాసమనీ అంటాను. నిఘంటువులు ఒప్పుకోకపోయినా సభ ఒప్పుకుంటే చాలు.

ఈ మూడూ ఒకటి కాదని మన బొగ్గు చరిత్ర మొదటి పేజీలోనే రాసి ఉంది. 1871లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉందని తేల్చాడు. కింగ్ సీమ్ అని మనం పిలిచే పొర ఆయన పేరుతోనే ఉంది. ఆయనది శుద్ధమైన నమ్మకం. రాయిని చూసి కట్టుకున్న అంచనా, బోరు వేస్తే నిజమో కాదో తెలిసిపోతుంది. ఆ నమ్మకం నిజమైంది.

ఆ బొగ్గు మీద జరిగిన బేరం మాత్రం వేరే కథ. 1886లో నిజాం సర్కారు నుంచి తవ్వకం హక్కులు పొంది లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పెట్టారు. ఈ వ్యవహారం నడిపినవాడు నిజాం కొలువులో పెద్ద హోదా ఉన్న సర్దార్ అబ్దుల్ హక్. హక్కులు సంపాదించినవాళ్లు దాదాపు చిల్లిగవ్వ పెట్టకుండానే వాటాల్లో పెద్ద భాగాన్ని తమ పేర రాసుకున్నారు. సర్కారు తరఫున వాటాలు కొనే పని అబ్దుల్ హక్‌కు అప్పగిస్తే, ఆయన మార్కెట్లో కొన్నట్టు చూపి తన చేతిలో ఉన్న 10,000 వాటాలనే సర్కారుకు అంటగట్టాడు. 1888లో లండన్‌లో కామన్స్ సభ విచారణ సంఘం కూర్చుంది. హక్ పదవి ఊడింది.

నాకు ఆసక్తి కలిగించేది కుంభకోణం కాదు, అందులోని మెలిక. బొగ్గు అబద్ధం కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ భూమిలో ఉన్నదాని గురించి నమ్మింది అక్షరాలా నిజం. మోసపోయింది మనిషి దగ్గర. నమ్మకం నిజమై కూడా భరోసా వమ్ము కావచ్చు. నమ్మకం తప్పితే ‘పొరబడ్డాను’ అంటాం, భరోసా తప్పితే ‘ద్రోహం’ అంటాం. వాన రాకపోతే మేఘాన్ని ద్రోహి అనేవాడు లేడు.

1889లో ఇల్లెందులో తవ్వకం మొదలైంది. 1920లో కంపెనీ సింగరేణి పేరు పెట్టుకుంది. 1945లో నిజాం సర్కారు చేతికి వచ్చింది. 1927లో బెల్లంపల్లిలో, 1961లో గోదావరిఖనిలో గనులు వచ్చాయి. ఇవన్నీ మీకు తెలిసినవే, ఆగను.

బాయిలోకి దిగుదాం. ఆ సర్దార్ అబ్దుల్ హక్ వేరు, గనిలో భద్రత చూసే మన మైనింగ్ సర్దార్ వేరు. మన సర్దార్ చేతికర్రతో పైకప్పును తట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టి. బోలుగా మోగితే అది ఊడివచ్చే రాయి, కింద మనిషి నిలబడకూడదు. తరవాత తాను చూసింది పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. ఆ సంతకం మీద ఇరవై, ముప్పై మంది లోపలికి వెళతారు. వాళ్లెవరూ మళ్లీ అంతా తట్టి చూడరు, చూస్తే షిఫ్టు గడవదు. అది భరోసా.

ఇలాంటి మనిషి మాటను న్యాయదర్శనం ఆప్తవాక్యం అంది, ప్రత్యక్షంతో పాటు దాన్నీ జ్ఞానసాధనంగా లెక్కించింది. ఆప్తుడెవరు? న్యాయసూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యంలో రెండు షరతులున్నాయి: సంగతి స్వయంగా తెలిసి ఉండాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలన్న కోరిక ఉండాలి. ఆ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ ఒకటేనని కూడా ఆయన స్పష్టంగా రాశాడు. అంటే ఆప్తత్వానికి కులం లేదు, హోదా లేదు. ఈ మాట చివర్లో నాకు మళ్లీ పనికొస్తుంది.

అయితే గని చట్టం మనుషుల్ని ఊరికే నమ్మదు. బొగ్గు గనుల నిబంధనల్లో నాకు బాగా నచ్చేది పాత పనుల సంగతి. వదిలేసిన పాత పనులకు 60 మీటర్ల లోపుకి వెళ్లాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి, ముందుకు బోర్లు వేసి చూసుకుంటూ సాగాలి. ఎందుకంటే పాత మ్యాపులో గీత ఒకచోట ఉంటుంది, తవ్వకం ఇంకొకచోట ఆగి ఉంటుంది. నీరు లేదని రుజువయ్యేదాకా ఉందనే అనుకోమంటుంది చట్టం. ఇది కాగితంపై పెట్టిన అపనమ్మకం. గనిలో భరోసా పుట్టేది ఈ అపనమ్మకంలోంచే. తనిఖీ అంటే అవమానంగా భావించే అధికారిని చూస్తే నాకు భయం, వాడు భరోసా అడగడం లేదు, భక్తి అడుగుతున్నాడు.

ఆ భరోసా వమ్మైన రోజులూ ఉన్నాయి. 1975 డిసెంబర్ 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలో నీరు విరుచుకుపడి 375 మంది పోయారు. మన గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలో 2003 జూన్ 16న నీళ్లే 17 మందిని తీసుకుపోయాయి. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు, అందులో భద్రత చూసే అధికారి కూడా ఉన్నారు. వీళ్లలో అజాగ్రత్తపరులు ఎవరో నేను వెతకడం లేదు. వాళ్లు దిగింది భరోసా మీద.

మరి విశ్వాసం? గని దగ్గర అమ్మవారి గద్దె ఉంటుంది. చేయి జోడించి దిగుతారు, దసరాకు యంత్రాలకు పూజ చేస్తారు. చదువుకున్నవాళ్లు దీన్ని మూఢనమ్మకం అనేసి ఊరుకుంటారు. నేను ఒప్పుకోను. కొబ్బరికాయ కొట్టాను కాబట్టి పైకప్పు తట్టనక్కరలేదని ఏ సర్దారూ పుస్తకంలో రాయలేదు. దండం పెట్టేవాడికి అమ్మవారు రాయిని ఆపుతుందన్న లెక్క ఉండకపోవచ్చు. లెక్కకు అందని భాగం ఒకటి మిగిలి ఉందని తెలిసీ దిగడానికి కావలసిన ధైర్యం అది. కఠోపనిషత్తులో నచికేతుడిలో శ్రద్ధ ప్రవేశించిందంటారు. ప్రవేశించగానే అతను చేసిన పని తండ్రిని ప్రశ్నించడం! వట్టిపోయిన ఆవులను దానం చేస్తున్నావేమిటని అతనికి అనిపించింది. విశ్వాసం నోరు మూయించేదే అయితే ఆ కథ అక్కడే ఆగిపోయేది.

విశ్వాసంతో అసలు చిక్కు గద్దె దగ్గర రాలేదు, హామీల దగ్గర వచ్చింది. కార్మికుల పిల్లలకు వారసత్వ ఉద్యోగాల కోసం ఈ బొగ్గు బెల్టు ఎన్నాళ్లు ఎదురుచూసిందో మీకు చెప్పక్కరలేదు. 2016లో వస్తున్నాయన్నారు. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసింది, తరవాత కారుణ్య నియామకాల దారి వెతికారు. ఇక్కడ ద్రోహమా, పొరపాటా అన్న వాదనకు నేను దిగను. హామీ ఇచ్చినవాడికి మనసుంటే చాలదు, చట్టంలో దారి కూడా ఉండాలి. మనం మనసును మాత్రమే చూసి భరోసా పెట్టుకుంటాం. సింగరేణి కంపెనీ 1990లలో ఖాయిలా పరిశ్రమల బోర్డు (బీఐఎఫ్ఆర్) గడప ఎక్కినప్పుడు కూడా కార్మికుణ్ణి ఓర్చుకోమన్నారు. ఆ దశాబ్దంలో నిలబడిన మంచి ఏర్పాటు నా ఉద్దేశంలో 1998లో రహస్య ఓటుతో జరిగిన సంఘాల ఎన్నిక. మా వెనకాల ఇంతమంది ఉన్నారని ప్రతి సంఘమూ చెప్పుకుంటుంటే, పెట్టె తెరిచి లెక్కపెట్టడం మొదలైంది.

ఇప్పుడు మన జైపూర్‌కు వద్దాం. 600 మెగావాట్ల రెండు సింగరేణి విద్యుత్ యూనిట్లు ఇక్కడ నిలిచాయి, 2016 ఆగస్టు 7న ప్రధాని వాటిని జాతికి అంకితం చేశారు. ఇక్కడా, ఓపెన్‌కాస్ట్ గనుల్లోనూ, పనిలో పెద్ద భాగం కాంట్రాక్టు కార్మికుల చేతుల్లో ఉంది. భరోసాకు కాలం కావాలి. ఏళ్లతరబడి ఒకే గనిలో పనిచేస్తేనే ఒకడి మాట విలువ ఇంకొకడికి తెలుస్తుంది. కాంట్రాక్టు మారితే మనుషులు మారతారు, తెలుసుకున్నది గాలికి పోతుంది. అంతకంటే పెద్ద సంగతి, కాంట్రాక్టు కుర్రాడు కన్వేయర్ బెల్టు దగ్గర ఏదో తేడాగా ఉందని చెబితే రేపు పనికి రావద్దంటారేమోనని ఊరుకుంటాడు. వాత్స్యాయనుడి రెండు షరతుల్లో మొదటిది వాడికి నిండుగా ఉంది, కళ్లారా చూశాడు. రెండోది, చెప్పాలన్న కోరిక, వాడి చేతిలో లేదు. అది మేనేజరు చేతిలో ఉంది, కాంట్రాక్టరు చేతిలో ఉంది, వాడు పక్కన నిలబడితే ముఖం తిప్పుకునే పర్మినెంట్ కార్మికుడి చేతిలో కూడా ఉంది. యూనియన్ మీటింగుల్లో కాంట్రాక్టు కార్మికుల జీతాల గురించి మాట్లాడుతున్నారు, మంచిదే. వాళ్లు చెప్పిన ప్రమాదం ఏ పుస్తకంలో ఎక్కుతుందో, ఎవరు సంతకం పెడతారో కూడా వచ్చే మీటింగులో అడగండి.