జాడ దెలుపు యంత్రములు



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలనుండి చదువులకై హైదరాబాదు వసతిగృహములలోనున్న మన సంఘపు బాలికలు, తమ సెల్‌ఫోనుల జాడను సంఘము వాట్సాప్ బృందమునకు ఎల్లవేళలను తెలుపుచుండవలెనని యువజనశాఖవారొక తీర్మానము తెచ్చియున్నారు. వారి యుద్దేశము మంచిదే. అయినను మేము దానిని సమ్మతింపజాలమని మొదటనే మనవి చేయుచున్నాము.

ఉపగ్రహములు మనలను చూచుచున్నవని పలువురు తలంచుచున్నారు. అది పొరపాటు. సుమారు 20,000 కిలోమీటర్ల యెత్తున దిరుగు జి.పి.ఎస్. ఉపగ్రహములు కాలమును దెలుపు సంకేతములను వెదజల్లును, అంతియే. కనీసము నాల్గింటి సంకేతములను గ్రహించి ఫోనే తన చోటును గణించుకొనును. నావికుడు ధ్రువనక్షత్రమును జూచి దిక్కెఱుంగును గాని, ధ్రువుడు నావికుని నెఱుగడు గదా! అమ్రాబాదు అడవిలో టవరు సంకేతమందకున్నను ఫోను తన చోటు నెఱుగుట కిదియే కారణము. భయమంతయు నాపైదానిని గూర్చియే: ఎఱిగినదానిని ఫోను ఎవ్వరికి జెప్పుచున్నది? ఆటలకును, వానకబురులకును దించుకొన్న యాపులలో ననేకములు మనచే నొకమారు 'సరే' యనిపించుకొని, పిదప మన రాకపోకలను వ్రాసికొనుచుండును. చదువకయే 'సరే' యన్నవారిలో మేమును ఉన్నాము.

ఒకమారు మేము సకుటుంబముగా అలంపురమునకు బోయి, జోగులాంబ సన్నిధినుండి బంధువుల బృందమునకు లైవ్ లొకేషన్ పంపితిమి. ఆ బృందమున సగము మంది మాకు తెలియనే తెలియరు. "తాతయ్యా, ఇంటికి తాళమున్నదని దండోరా వేయించితివి" అని మా మనుమరాలు మందలించినది. నష్టమేమియు గలుగలేదు గాని, ఆ మాట మనసున నాటినది.

వందలమంది చూచు బృందమున నే బాలిక ఏ వేళ నే సందున నడచుచున్నదో కనబడుచుండుట యెట్టి రక్షణము? వెంటబడి వేధించువానికి ఆ బృందములోని యొక్క ఫోను చేజిక్కిన జాలును. పెండ్లివిషయమున పెద్దల మాట వినని బిడ్డను వెదకి పట్టుటకును ఆ పటమే చాలును. ఈ సభలో నీ మాట యనుట మాకు కష్టముగనే యున్నది. అయినను అనక తప్పదు.

గోప్యత ప్రాథమికహక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. జామీనుపై విడుదలయైన నిందితుని కదలికలను పోలీసులు గూగుల్ మ్యాపు ద్వారా సదా కనిపెట్టుచుండునట్టి షరతు చెల్లదని 2024 జూలై 8న అదే న్యాయస్థానము నిర్ణయించినది. నిందితునికే కూడని షరతు చదువుకొను బిడ్డకేల?

రాత్రివేళ బస్సెక్కిన బాలిక తల్లికో, స్నేహితురాలికో, తాను గోరినవారికి జాడ పంపుకొనవచ్చును. వాట్సాప్‌నందు దానికి పదునైదు నిమిషములు, ఒక గంట, ఎనిమిది గంటలు అను గడువులున్నవి. గడువు తీరగనే యది యాగిపోవును. ఆపద కలిగిన 112 సంఖ్య కలదు.

తీర్మానమును ఓటునకు బెట్టకమున్నే, వెనుక వరుసలలో గూర్చున్న యా బాలికలనే యడుగుడని ప్రార్థించుచున్నాము. ఇంతవరకు వారి నెవ్వరును అడుగలేదు.