డొమెస్టిక్: ఎవరి ఇల్లు?



మనం రోజూ వాడే ఒక ఇంగ్లీషు విశేషణం గురించి మాట్లాడదలచుకున్నాను. డొమెస్టిక్. గ్యాస్ సిలిండరుకూ, కరెంటు కనెక్షనుకూ, మన దగ్గరున్న కేసు ఫైళ్లకూ ఇదే మాట. తెలుగులోకి వచ్చేసరికి డొమెస్టిక్ విమానం ‘దేశీయ’ విమానం, డొమెస్టిక్ జంతువు ‘పెంపుడు’ జంతువు, డొమెస్టిక్ హింస ‘గృహ’ హింస. మొదటిదానిలో సరిహద్దు ఉంది, రెండోదానిలో మచ్చిక ఉంది. మూడోదానిలో రెండూ ఉన్నాయని నా అభిప్రాయం.

మాట లాటిన్ నుంచి వచ్చింది. ‘డోముస్’ అంటే ఇల్లు, ‘డొమినుస్’ అంటే ఆ ఇంటి యజమాని. డామినేట్ చెయ్యడం ఆ యజమాని నుంచి పుట్టిన మాటే. ఫ్రెంచిలో డొమెస్టిక్ అంటే నౌకరు. ఇంగ్లీషు దొరలూ నౌకర్లని డొమెస్టిక్స్ అనేవారు.

ఎదురింటివాడు కొడితే నేరం. భర్త కొడితే ‘మీ ఇంటి గొడవ, మీరే తేల్చుకోండి’. ముందో విశేషణం చేరేసరికి నేరం అంత చిన్నదైపోయింది. శ్రమ సంగతీ అంతే. 2011 జనాభా లెక్కల్లో కూడా సొంత ఇంటి చాకిరీ మాత్రమే చేసే స్త్రీ ‘పని చేయనివారి’ లెక్కలోకే పోయింది.

2005 గృహ హింస చట్టం ఇదే మాటని హక్కుగా మార్చింది. కొట్టడమే కాదు, తిట్టడం, డబ్బు అందకుండా చెయ్యడం కూడా హింసేనంది. ఇల్లు ఆమె పేరున లేకపోయినా కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు 17వ సెక్షన్ ఇచ్చింది. అయితే ఇందులో ‘డొమెస్టిక్ సంబంధం’ అంటే రక్తసంబంధం, పెళ్లి, పెళ్లిలాంటి సహజీవనం, దత్తత, ఉమ్మడి కుటుంబం. జీతానికి అదే ఇంట్లో రాత్రింబవళ్లు ఉండే అమ్మాయి ఈ గడప లోపలికి రాలేదు. ఆమెని పిలిచేది మాత్రం డొమెస్టిక్ వర్కర్ అనే!

2013 లైంగిక వేధింపుల చట్టం ఆ ఇంటిని పనిచోటుగా గుర్తించింది. అది చిన్న విషయం కాదు. కానీ ఆమె ఫిర్యాదులో ప్రాథమిక ఆధారాలుంటే, స్థానిక కమిటీ ఏడు రోజుల్లో దాన్ని పోలీసులకు పంపాలి. ఆఫీసు ఉద్యోగినికి కమిటీ ముందు జరిగే విచారణ ఈమెకి లేదు. ఆ పోలీసు స్టేషనుకి ఒంటరిగా ఎలా వెళ్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఇంటి పనివారి హక్కుల మీద 2011లో వచ్చిన ఐఎల్‌ఓ 189వ ఒప్పందానికి మన ప్రభుత్వం ఓటు వేసింది గానీ ఆమోదించి అమలుకు పూనుకోలేదు.

అందుకే మీ నివేదికల్లో ‘ఇంటి గొడవ’ అని రాయకండి. ఎవరు, దేనితో, ఎన్నిసార్లు కొట్టారో రాయండి. పనిచేసే అమ్మాయి విషయంలో ‘మా ఇంట్లో మనిషిలాంటిదే’ అని యజమానురాలు చెబితే, ఆ మాటా రాసుకుని, దాని పక్కనే జీతం ఎంతో, ఎన్ని గంటల పనో, వారంలో సెలవు ఉందో లేదో అడిగి రాయండి.