డెల్టా పేటల్లో ప్రార్థనాధికారం



తెలుగు క్రైస్తవ సాహిత్యం అనగానే మనకు పురుషోత్తమ చౌదరి కీర్తనలు గుర్తొస్తాయి. జాషువ ‘క్రీస్తు చరిత్ర’ గుర్తొస్తుంది. 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిందని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. అయితే ఈ కృష్ణా డెల్టాలో ఏ పుస్తకంలోకీ ఎక్కని వాఙ్మయం ఇంకొకటుంది. అది నోటి ప్రార్థన. అందులోనూ విశ్వాసి అధికారంతో చేసే ప్రార్థన గురించే ఈరోజు మాట్లాడదలిచాను.

ఫిబ్రవరి ఉత్సవాలకు గుణదల కొండ ఎక్కేవాళ్లు కొవ్వొత్తి వెలిగించి మరియమాతను వేడుకుంటారు. ఇదే బెజవాడలో ఏ పేటలోనో జరిగే ఉపవాస కూడికకు వెళ్తే వినిపించేది వేరు. జ్వరంతో మూలుగుతున్న పిల్లవాడి పక్కన ఒక పెద్దావిడ కూర్చుంటుంది. కొంగు తలమీదికి లాక్కుంటుంది. అరచేతిలో నూనె చుక్క వేసుకుని వాడి నుదుటికి రాస్తుంది. “తండ్రీ, నీ పాదాల దగ్గరికొచ్చాం” అని సన్నటి గొంతుతో మొదలుపెడుతుంది. ఉన్నట్టుండి మాట తిరుగుతుంది. ఇప్పుడామె మాట్లాడేది జ్వరంతో. “యేసు నామంలో గద్దిస్తున్నాను, ఈ బిడ్డను వదిలిపో!” చుట్టూ ఉన్నవాళ్లు ఆమెన్ అంటారు.

ఆ తిరగడంలో ఎంత చరిత్ర ఉందో చూడండి. 1841లో మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం వచ్చారు. నోబుల్ ఆశ అంతా పైకులాల పిల్లల చదువు మీదే. కానీ సువార్త వెల్లువెత్తింది మాల మాదిగ పల్లెల్లో. 1912లో దోర్నకల్ బిషప్పైన అజరయ్య, బాప్తిస్మం పొందినవారిచేత తమ చేయి తమ తలమీదే పెట్టించి, సువార్త చెప్పి తీరతామని ప్రమాణం చేయించేవారు. వాళ్లలో ఎక్కువమంది కామందు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్లే. జన్మంతా ఆజ్ఞలు వినడమే తప్ప ఇవ్వడమెరగని నోరు, ప్రార్థనలో మొదటిసారి ఆజ్ఞ ఇచ్చింది. సెంటు భూమి లేదు, అక్షరం రాదు, వాళ్లకున్నదల్లా ఆ నామం. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే పండితులతో నేను ఏకీభవించను.

అయితే ఆ అధికారం ఎవరి సొత్తు? మత్తయి సువార్తలోని శతాధిపతికి ఈ సంగతి తెలుసు. తాను ఒకరికి లోబడినవాడు గనకే యేసు మాటకున్న బలం ఆయనకు అర్థమైంది. ఎఫెసులో ఆ నామంతో దయ్యాన్ని వెళ్లగొట్టబోయిన స్కెవ కుమారులకు నామం తెలుసు, లోబడటం తెలియదు. దెబ్బలు తిని పారిపోయారు. 1938లో బైబిలు మిషను మొదలుపెట్టిన దేవదాసు అయ్యగారు దేవుని సన్నిధిలో గంటల తరబడి కనిపెట్టడం, అంటే ఆయన కోసం ఎదురుచూడటం, నేర్పారు. గద్దించడానికి ముందు కనిపెట్టాలి. ఇప్పుడు మన మైకుల ముందు ఆ మొదటి సగం కరువైపోతోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

ఆ అధికారానికి హద్దు కూడా ఉంది. 1977 నవంబరు 19న తుఫానులో దివిసీమ మీదికి సముద్రం వచ్చింది. గాలిని గద్దించిన ప్రభువును ఆరోజు పిలవని విశ్వాసి ఉంటాడా? వేలమంది పోయారు. విశ్వాసం చాలకే పోయారని వాళ్ల సమాధుల దగ్గర నిలబడి ఎవరైనా అనగలరా? పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని మూడుసార్లు అడిగాడు, ముల్లు పోలేదు. త్రోఫిమును మిలేతులో జబ్బుతోనే వదిలి వెళ్లాడు. అపొస్తలుడికే అలా జరిగితే, “ప్రార్థన చేశాం, ఇక మాత్రలు మానెయ్” అని షుగరు మనిషికి చెప్పే హక్కు మనకెక్కడిది? అలా చెప్పడం పాపమని ఈ వేదిక మీదినుంచే అంటున్నాను. నేను చెప్పిన పెద్దావిడల్లో చాలామంది ప్రార్థన ముగించగానే అడిగే మాట “డాక్టరుకి చూపించారా అమ్మా?” అనే. వేదాంత కళాశాలల్లో ఏళ్లు చదివినవాళ్లకు అందని సమతూకం వాళ్లకుంది.

పరిశోధకులారా, ఈ ప్రార్థనలను ఆ పెద్దావిడల అనుమతితో రికార్డు చేయండి. అచ్చులో పెట్టేటప్పుడు యాసను దిద్దకండి. ఎక్కడ వేడుకోలు ఆజ్ఞగా మారిందో, ఎక్కడ ఆజ్ఞ మళ్లీ “నీ చిత్తం” దగ్గర ఆగిందో గుర్తించండి. దివిసీమ నుంచి, కొల్లేటి లంకల నుంచి, గుంటూరు వైపు కాలువ ఊళ్ల నుంచి విడివిడిగా సేకరించండి. ఆ స్త్రీలలో పెద్దవాళ్లకు ఎనభై దాటాయి. ఆ పని ఈ ఏడాదే మొదలవ్వాలి.