అపస్మారమును దాచవలదు
(ఒక పఠనాలయ సభలో చేసిన యుపన్యాసము)



నేడు మూర్ఛరోగమును గూర్చి మాటలాడ వచ్చితిని. మన యిండ్లలో దీని పేరెత్తరు. ఆడపిల్లకు వచ్చెనా, ఇరుగుపొరుగులకు సైతము తెలియనీయరు. ఈ దాపరికమే చికిత్సను చెరచుచున్నది.

ఇది గాలియు గ్రహమును కాదు, అంటువ్యాధియు కాదు. చరకసంహిత అపస్మారమును వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదములచే నాలుగు విధములుగ విభజించినది. మెదడులోని కణములు విద్యుత్ప్రేరణలతో పనిచేయును. అవి ఒక్కుమ్మడి కట్టుతప్పినప్పుడు మూర్ఛ వచ్చును. జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మానవుని మెదడు తరంగములను తొలుత నమోదుచేసి, 1929లో ప్రకటించెను.

పురిటిలో బిడ్డకు ఊపిరాడకపోవుట, తలకు దెబ్బ, మెదడువాపు దీనికి కారణములు. మన దేశమున మరియొకటి గలదు. పందిమాంసమువలన మనుష్యుని ప్రేగులలో పెరుగు బద్దెపురుగు గ్రుడ్లు మలముతో వెలువడి, మురికినీటితోను పచ్చికూరలతోను ఇతరుల కడుపులోబడును. వాటి పిల్లలు మెదడున తిత్తులై నిలుచును. కావున మాంసము ముట్టనివారును దీనికి దూరులు కారు. ఊరికి మరుగుదొడ్లు కట్టుటయు ఈ రోగమునకు మందే!

ఫినోబార్బిటాల్ గుణమును హాప్ట్‌మన్ 1912లోనే కనిపెట్టెను. 1938లో ఫెనిటోయిన్ వచ్చెను. పిమ్మట మరి పెక్కు వచ్చినవి. సరిగ వాడినచో నూటికి 70 మంది వరకు మూర్ఛలు లేక బ్రతుకవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మొదటి మందు మిక్కిలి చవుక. అయినను రెండునెలలు మూర్ఛ రాకున్న నయమైనదని మాత్ర మానిపించువారెందరో! హఠాత్తుగ మానినచో ఎడతెగని మూర్ఛ వచ్చి ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును.

పడినవాని చేత తాళపుచెవులుంచుట వట్టి వెఱ్ఱి. నోట ఏమియు పెట్టక, ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలయును. ఐదు నిమిషములు దాటినచో ఆసుపత్రికి చేర్పవలయును.

ఇక పెండ్లి మాట. 1976 సవరణచే హిందూ వివాహచట్టమున మాటిమాటికి వచ్చు అపస్మారము వివాహమునకు అడ్డుగ నుండెను. 1999లో ఆ మాటను తొలగించిరి. అయినను రోగమును దాచియే పెండ్లి చేయుచున్నారు. పిల్ల అత్తవారింట మాత్ర వేసికొన వెరచి మానును, మానగనే పడును, పడగనే పుట్టింటికి పంపుదురు. కొన్ని మందులు గర్భస్థశిశువునకు చెరుపుచేయును గనుక, గర్భమునకు ముందే వైద్యుని యడిగి మార్చుకొనవలసియుండును. దాచిన రోగమునకు ఆ సలహా ఎట్లు దొరకును?

ఈ సభలో సంబంధములు కుదుర్చు పెద్దలు పలువురున్నారు. పిల్ల వాడు మాత్రల సంగతి నిశ్చయ తాంబూలములకు ముందే ఉభయపక్షములకు తెలియజేయుడని వారిని వేడుచున్నాను.