నాన్న పోయిన ఏడాది నాకొచ్చిన హనుక్కా గిఫ్ట్

ఇవాళ ఒక గిఫ్ట్ చూపిస్తా. ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. ఒక చెక్క, దాని మీద అంటించిన తొమ్మిది ఇనప నట్లు. బోల్టుకి బిగిస్తాం కదా, అవే.

దీన్ని హనుక్కియా అంటారు. యూదులు హనుక్కా పండక్కి దీపాలు పెట్టే స్టాండు. క్రీ.పూ. 164లో యెరూషలేము ఆలయాన్ని తిరిగి దక్కించుకుని శుద్ధి చేసుకున్నారు, దాన్ని తలుచుకునే పండగ. ఒక్కరోజుకి సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందని చెబుతారు.

ఇక్కడ న్యూజెర్సీలో నా ఆఫీసు ఫ్రెండ్ తన చేత్తో చేసిచ్చింది. నట్లు వాళ్ళ నాన్నగారి టూల్ బాక్సులోవి. ఆయన పోయి మూడేళ్ళు.

మా నాన్న ఆగస్టులో పోయారు. ఏడాది దాకా మాకు పండగల్లేవు. దీపావళికి అపార్ట్‌మెంటంతా వెలుగు, నా గుమ్మం ఒక్కటే చీకటి. తను అది గమనించిందని నాకు తెలీదు. డిసెంబర్లో ఇది తెచ్చి చేతిలో పెడితే సంతోషం కంటే ముందు భయమేసింది. వెలిగించొచ్చా? తననే అడిగా. వాళ్ళల్లో కూడా అమ్మో నాన్నో పోతే పన్నెండు నెలలు విందులకీ వేడుకలకీ వెళ్ళరట. ఇంట్లో హనుక్కా దీపం మాత్రం ఆపరంది.

అయినా మనసు ఒప్పలేదు. అమ్మకి వీడియో కాల్ చేశా. అక్కడ తెల్లవారుజాము నాలుగున్నర. కాసేపు చూసి, "ఆ పిల్ల వాళ్ళ నాన్న సామాన్లతో చేసిచ్చిందే. వెలిగించు" అంది.

మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా ఎనిమిది దాకా. కాస్త ఎత్తులో ఉన్న ఈ తొమ్మిదోది షమాష్, అంటే సేవకుడు. ముందు దాన్ని వెలిగించి, దాంతో మిగతావి అంటించాలి. కొవ్వొత్తులు కుడి నుంచి పెట్టుకుంటూ రావాలి, వెలిగించేది ఎడమవైపు కొత్తదాని నుంచి. రెండో రోజే నేను తిరగేశా, ఏం చెప్పను! మొత్తం 44 కొవ్వొత్తులు కావాలి.

ఇంకో రూలుంది. ఆ వెలుగులో ఏ పనీ చేసుకోకూడదు, పుస్తకం కూడా చదవకూడదు. ఊరికే చూడాలి. నాన్న పోయాక నేను ఊరికే కూర్చున్నదే లేదండీ. టికెట్లు, సెలవులు, మళ్ళీ ఆఫీసు. ఆ మొదటి అరగంటలోనే నాకు ఏడుపొచ్చింది, అప్పటిదాకా రానిది.

తర్వాత రోజూ అమ్మే కాల్ చేసేది, "ఇవాళ ఎన్ని?" అంటూ. ఎనిమిదో రోజు తన గదిలో లైటు ఆర్పేసి మరీ చూసింది. "మీ నాన్న ఉంటే ఆ నట్లు ఏ సైజో అడిగేవారు" అంది.

ఇంకా కొలవలేదు. ఉంటానండీ.