పండుగనాటి పార్సెళ్ళు

సంక్రాంతి ముందు రైళ్ళు క్రిక్కిఱిసిపోవుట మనమందఱ మెఱిగినదే. అమెరికాలో క్రిస్మసు ముందు అట్టి రద్దీయే పార్సెళ్ళకు కలుగుచున్నది. నవంబరు నాలుగవ గురువారమున జరుపుకొను కృతజ్ఞతార్పణ పండుగ మొదలు డిసెంబరు 24వ తేదీ వఱకు కానుకల కట్టలు వరదవలె వచ్చిపడును. ఆ వరదకు సరిపడునంత కాలువ త్రవ్వి యుంచినచో, తక్కిన పదునొకండు నెలలును అది యెండియే యుండును. పార్సెలు సంస్థల చిక్కంతయు నిదియే.

2013లో ఈ చిక్కు బట్టబయలయ్యెను. ఆ యేడు కృతజ్ఞతార్పణ పండుగ నవంబరు 28న వచ్చుటచే గడువు తగ్గెను. ఇంటర్నెట్టు అంగళ్ళలో చివరి దినముల కొనుగోళ్ళు అంచనాలను మించెను. వాతావరణమును ప్రతికూలించెను. 1907లో సియాటిల్ నగరమున పుట్టిన యూపీఎస్ సంస్థ పెక్కు కానుకలను పండుగనాటికి చేర్పలేకపోయెను. ఆలస్యమైన జాబును మఱునాడు చదువుకొనవచ్చును. పండుగ దాటిన పిమ్మట వచ్చిన బొమ్మకు ఆ విలువ యుండునా?

మఱుసటి యేడు ఆ సంస్థ 90 వేలకు పైబడిన తాత్కాలికులను చేర్చుకొన నిశ్చయించెను. అట్టివారిలో కొందఱు కట్టలను వేఱుచేయుదురు. కొందఱు బండి నడుపువానికి తోడుగా నుండి ఇంటింట దిగి అందింతురు. కెంటకీ రాష్ట్రములోని లూయీవిల్ కేంద్రమున యంత్రములు చీట్లను చదివి, గంటకు 4 లక్షలకు మించిన కట్టలను ఊరివారీగా పంచగలవు. కాని యంత్రము గుమ్మము మెట్లెక్కలేదు. కడపటి పది అడుగులు మనుష్యుడే నడువవలెను.

కావున సంస్థలు బలమును పెంచుటయే కాక, బరువును దినములపై పఱచుటయు నేర్చినవి. పెద్ద వర్తకులను ముందుగనే లెక్క చెప్పుమని కోరుచున్నవి. ఫలానా తేదీలోపల ఇచ్చిన కట్టయే పండుగకు చేరునని ప్రకటించుచున్నవి. యూపీఎస్ 2017లో రద్దీ వారములకు అదనపు రుసుము ప్రవేశపెట్టెను.

మేము చెప్పదలచిన దొక్కటే. జనవరి రాగానే తాత్కాలికులలో పెక్కుమంది పని ముగియును. వరద బరువును మోసినవారు వారే. చివరి గడియ వఱకు ఆగి, రేపే చేరవలెనని పట్టుపట్టువారి తొందర వారి భుజములపైననే పడును. నాలుగు దినములు ముందుగా పంపిన కానుక పుచ్చుకొనువారికే కాక, మోయువారికిని కానుకయే యగును.